సైనికుడి ఇంటికి మనం పడ్డ బాకీ

2021 జూలై 8న జమ్మూ కాశ్మీర్‌లోని రాజౌరీ జిల్లా సుందర్‌బనీ సెక్టారులో ఉగ్రవాదులతో ఎదురుకాల్పులు జరిగాయి. 17వ మద్రాస్ బెటాలియన్‌కు చెందిన ఇద్దరు అందులో ప్రాణాలు వదిలారు. ఒకరు కేరళలోని కోళిక్కోడ్ జిల్లా వాసి నాయబ్ సుబేదార్ శ్రీజిత్. రెండోవారు మన బాపట్ల మండలం దరివాద కొత్తపాలెం కుర్రాడు, సిపాయి మారుప్రోలు జశ్వంత్ కుమార్ రెడ్డి. వయసు 23. మరుసటి గణతంత్ర దినోత్సవానికి ఇద్దరికీ మరణానంతరం శౌర్యచక్ర ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జశ్వంత్ కుటుంబానికి 50 లక్షల రూపాయల సాయం ప్రకటించింది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మా తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు రెండు వాదనలు వినబడతాయి. ఊరంతా కదలాలి, జెండాలు పట్టుకుని దారి పొడుగునా నిలబడాలి, మంత్రులు రావాలి, అక్కడికక్కడే సాయం ప్రకటించాలి, కూడలిలో విగ్రహం లేవాలి అనేది మొదటిది. రెండోది అంత గట్టిగా వినిపించదు. సైనిక కుటుంబాలవాళ్ళే ఆ మాట అంటారు: ఆ రోజు అందరూ వస్తారు, పెద్దకర్మ అయ్యాక ఒక్కరూ రారు, చేసేదేదో రూలు ప్రకారం, అందరికీ ఒకేలా, ఏళ్ళ తరబడి చెయ్యండి. ఈ రెండు మాటల వెనకా బాధే ఉంది. అందుకే ఏ ఒక్కదాన్నీ తేలిగ్గా తీసిపారెయ్యలేం.

మొదట ఈ ప్రాంతం సంగతి చెప్పాలి. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అనే ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది ఆ ఒక్క ఊరినుంచే వెళ్ళారని చెబుతారు. ఊరి పేరులోనే మిలిటరీ చేరిపోయింది. అలాంటి చోట పెన్షను కాగితం ఎలా నింపాలో, ఏ ఆఫీసులో ఎవర్ని కలవాలో పక్కింటి తాతే చెబుతాడు. కృష్ణా డెల్టాలో ఆ వసతి లేదు. ఇక్కడ చదువు, వ్యవసాయం, వ్యాపారం, అమెరికా అనే నాలుగు దారులే ఎక్కువమందికి తెలుసు. ఊరికి ఒకటో రెండో సైనికుల ఇళ్ళు ఉంటాయి. కొడుకు ఎక్కడ పనిచేస్తున్నాడని ఎవరైనా అడిగితే ఆ తల్లి 'పైనెక్కడో, మంచు కొండల్లో' అని ఊరుకుంటుంది. సరిగ్గా చెప్పడానికి ఆమెకూ తెలియదు, వాడు చెప్పకూడదు కూడా.

సెలవు ముగించుకుని వెళ్ళే జవానును తెనాలి జంక్షనులో ఇట్టే పోల్చుకోవచ్చు. నల్ల ఇనప ట్రంకు పెట్టె, దానిమీద తెల్లరంగుతో నంబరు, పేరు, యూనిట్. ఆ పెట్టె పక్కన పాత చీర ముక్కతో మూతి బిగించి కట్టిన స్టీలు డబ్బా. అందులో గోంగూర పచ్చడో సున్నుండలో ఉంటాయి. రేపల్లె ప్యాసింజరులో తనతోపాటు తెనాలి దాకా వచ్చిన నాన్న, మెయిన్ లైను బండి వచ్చేదాకా పెద్దగా ఏమీ మాట్లాడడు. 'చేరగానే ఫోను చెయ్యరా' అన్నదొక్కటే మాట. సరిహద్దులో ఉన్నవాడికి మద్దతంటే ఏమిటని నన్నడిగితే ముందు ఆ తండ్రి కళ్ళలో కదులుతాడు. కొడుకు తిరిగి వచ్చేదాకా ఆయన పొలానికి, ఆరోగ్యానికి, పరువుకు ఎవరు కాపు?

మొదటి వాదనను దాని పూర్తి బలంతో చూద్దాం. జాతీయ జెండా కప్పిన పెట్టె ఊళ్ళోకి వచ్చినప్పుడు వేలమంది దారికి అటూ ఇటూ నిలబడి ఆ పేరు పిలుస్తారు. తుపాకులు గాలిలో పేలతాయి. ఆ జెండాను మడిచి ఇంటివాళ్ళ చేతుల్లో పెడతారు. ఇదంతా తంతు అని కొట్టేసేవాళ్ళు ఆ తల్లిదండ్రుల చోట ఒకసారి నిలబడి చూడాలి. నిన్నటిదాకా 'పైనెక్కడో' ఉన్న కొడుకు ఎందుకు వెళ్ళాడో, ఏం చేశాడో ఊరికి తెలిసేది ఆ ఒక్క రోజే. బిడ్డ చావు వృథా కాలేదన్న నమ్మకం ఏ పెన్షను ఆర్డరూ ఇవ్వలేదు, దాన్ని మనుషులే ఇవ్వాలి.

డబ్బు విషయంలోనూ ఈ వాదనకు బలముంది. నలుగురి ముందు, కెమెరాల ముందు ప్రకటించిన సాయాన్ని వెనక్కి తీసుకోవడం ఏ ప్రభుత్వానికైనా కష్టం. మామూలుగా ఆరు నెలలు తిరిగే ఫైలు, మంత్రి మాట ఇచ్చాక ఆరు రోజుల్లో కదలవచ్చు. ఆఫీసుల సంగతి తెలిసినవాళ్ళెవరూ దీన్ని కాదనరు.

ఇక స్మారకాల మాట. తెనాలివాళ్ళకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. 1942 ఆగస్టు 12న, క్విట్ ఇండియా ఉద్యమంలో, పోలీసు కాల్పులకు ఇక్కడ ఏడుగురు బలైపోయారు. వారి గుర్తుగా కట్టిందే రణరంగ చౌక్. వాళ్ళు సైనికులు కారు, చేతుల్లో ఆయుధాలు లేనివాళ్ళు. అయినా ఎనభై ఏళ్ళు దాటినా ఆ తేదీని ఊరు మరవలేదంటే, ఊరి నడిబొడ్డున రాయి రూపంలో ఆ జ్ఞాపకం నిలబడి ఉండటమే కారణం. మార్కెట్టుకు వెళ్ళే మనిషి రోజూ దాన్ని చూసుకుంటూ పోతాడు. ఏడుగురికీ ఒకటే చోటు, ఒకటే గౌరవం. ఈ ఆఖరి మాటకు మళ్ళీ వస్తాను.

బాపట్ల తీరానికి ఇంకో సంగతి కూడా ఉంది. సూర్యలంక బీచికి ఆదివారం వచ్చేవాళ్ళకు పక్కనే ఉన్న వైమానిక దళ స్టేషను పెద్దగా పట్టదు. అక్కడ క్షిపణులు పేల్చి చూసే రోజుల్లో మత్స్యకారులు వేట మానుకుని ఒడ్డున కూర్చుంటారు. 2020 చివర్లో ఆకాశ్, ఇగ్లా క్షిపణుల ప్రయోగాలు ఇక్కడే జరిగాయి. దేశ రక్షణకు ఈ తీరం ఇచ్చేది కుర్రవాళ్ళను మాత్రమే కాదు, పేరూ లెక్కా లేకుండా కొన్ని పూటల తిండి కూడా ఇస్తోంది. వాళ్ళకు సన్మానం ఉండదు, వాళ్ళు అడగరు కూడా.

ఇప్పుడు రెండో వాదన. ప్రకటనల మీద నడిచే సాయం మనిషిని బట్టి, రాష్ట్రాన్ని బట్టి, ఆ వారం పేపర్లలో ఏముందో దాన్ని బట్టి మారిపోతుంది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అమరుడైన సూర్యాపేట వాసి కర్నల్ బి. సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. ఆయనతోపాటు మరణించిన మిగతా 19 మంది వేరే రాష్ట్రాలవాళ్ళయినా ఒక్కొక్క కుటుంబానికి 10 లక్షలు ఇస్తామంది. పెద్ద మనసుతో చేసిన పని అది. అదే ఏడాది నవంబరులో కాశ్మీర్‌లోని మాచిల్ సెక్టారులో చిత్తూరు జిల్లా హవల్దారు ప్రవీణ్ కుమార్ రెడ్డి చనిపోతే ఆంధ్రప్రదేశ్ 50 లక్షలు ఇచ్చింది. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తోపాటు హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లాన్స్ నాయక్ సాయితేజ కుటుంబానికీ అంతే. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో పాకిస్తాన్ కాల్పులకు బలైన శ్రీ సత్యసాయి జిల్లా కళ్ళి తండా యువకుడు మురళీ నాయక్ కుటుంబానికి 50 లక్షలతోపాటు 5 ఎకరాల పొలం, 300 గజాల స్థలం, ఒకరికి ఉద్యోగం. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ సొంతంగా మరో 25 లక్షలు ఇచ్చారు.

వీళ్ళలో ఎవరికీ ఎక్కువ ముట్టిందని నేననను. పోయిన ప్రాణం ముందు ఏ అంకె అయినా చిన్నదే. నేనడిగేది వేరే. దరివాద కొత్తపాలెంలో ఒక తల్లికీ కళ్ళి తండాలో ఒక తల్లికీ దక్కేదాంట్లో తేడా ఎందుకుండాలి? మధ్యలో మారింది ప్రభుత్వం, సందర్భం, టీవీల వేడి. త్యాగంలో తేడా ఏమీ లేదు.

పేపరెక్కని చావులు మరీ అన్యాయమైపోతాయి. సియాచిన్‌లో తుపాకి గుండ్లకన్నా మంచూ చలీ ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి. 2016 ఫిబ్రవరి 3న మంచుచరియ కింద పడిపోయిన 19వ మద్రాస్ జవాన్లలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె వాసి ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆ రోజుల్లో దేశమంతా ఆ మంచువైపే చూసింది కాబట్టి పేర్లు తెలిశాయి. ఎత్తయిన చోట ఊపిరాడక ఒక్కడే పోయినవాడికి, కాన్వాయ్ లారీ లోయలో పడి పోయినవాడికి కెమెరా రాదు. కేంద్రం ఇచ్చే ఎక్స్‌గ్రేషియాలో అందరికీ ఒకటే పట్టిక ఉంది. విధి నిర్వహణలో ప్రమాదానికి 25 లక్షలు, సరిహద్దు ఘర్షణలకు 35, యుద్ధంలో శత్రువు చేతిలో మరణానికి 45. యుద్ధ మరణాల కుటుంబాలకు ఆఖరి జీతంతో సమానంగా పెన్షను వస్తుంది. ఈ మెట్లు న్యాయమైనవా కాదా అని వాదించవచ్చు, కానీ ఎవరికి ఏం రావాలో ముందే రాసి ఉంది. అడుక్కోనక్కర్లేదు, ఎవరి దయమీదా ఆధారపడనక్కర్లేదు.

రాష్ట్రాలకు ఇలాంటి పట్టిక రాయడం చేతకాని పనేమీ కాదు. 2021 ఫిబ్రవరిలో తిరుపతిలో, 1971 యుద్ధంలో మహావీర చక్ర పొందిన మేజర్ జనరల్ సి. వేణుగోపాల్‌ను సత్కరించిన సందర్భంలో, శౌర్య పురస్కారాల నగదును రాష్ట్ర ప్రభుత్వం పదింతలు పెంచింది. పరమవీర చక్ర, అశోక చక్రలకు 10 లక్షలనుంచి కోటి, మహావీర చక్ర, కీర్తి చక్రలకు 8 నుంచి 80 లక్షలు, వీర చక్ర, శౌర్యచక్రలకు 6 నుంచి 60 లక్షలు. పతకానికి పట్టిక రాయగలిగినవాళ్ళు ప్రాణానికీ రాయగలరు.

నన్ను ఇంకా ఎక్కువగా వేధించేది బతికున్నవాళ్ళ సంగతి. ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచీ ఉంది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న కాగితం జెండాను గుండుసూదితో జేబుకు గుచ్చుకుని స్కూలు పిల్లలు డబ్బాల్లో చిల్లర పోగు చేసేవారు. సైనిక సంక్షేమ నిధికి వెళ్ళే డబ్బు అది. పెన్షను అర్హతకు చాలినంత సర్వీసు లేక ఏ ఆధారమూ లేకుండా మిగిలిన ముసలి సైనికులకు, వాళ్ళ వితంతువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే నెలవారీ సాయం చాలా ఏళ్ళపాటు 4,000 రూపాయలే. 2025 నవంబరు నుంచి 8,000 అయింది. పిల్లల చదువుకు నెలకు 1,000 ఉండేది 2,000 అయింది. ఆడపిల్ల పెళ్ళికి 50,000 ఉండేది లక్ష అయింది. పెంచారు, సంతోషం. కానీ అంతిమయాత్రకు కిలోమీటర్ల పొడుగున కదిలిన జిల్లాల్లో ఈ డబ్బాలో చిల్లర వేసే చేతులు ఎన్ని? జెండా పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఏడాదికోసారి వంద రూపాయలు వేసినా ఆ ముసలివాళ్ళ నెల గడవడం సులువవుతుంది.

పొలం సంగతి మరీ ముఖ్యం. ఈ డెల్టాలో సెంటు భూమికి కూడా తగాదాలుంటాయి. గట్టు జరిగిందనో, బోదె మూసేశారనో, వారసత్వ పంపకంలో పేరు వదిలేశారనో కోర్టు నోటీసు వస్తే, లడఖ్‌లో ఉన్నవాడు వాయిదాకు ఎలా వస్తాడు? దీనికి చట్టం ఎప్పుడో వచ్చింది. 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యాల చట్టం ప్రకారం, యుద్ధ పరిస్థితుల్లోనో ప్రత్యేక పరిస్థితుల్లోనో పనిచేస్తున్న జవాను తరఫున కోర్టులో ఎవరూ లేనప్పుడు, ఆ కేసును ఆపి అతనికి తెలియజెయ్యాలి. కలెక్టరే కోర్టుకు ఆ సంగతి రాయవచ్చు. కాలపరిమితి లెక్కలోనూ ఆ రోజులు తీసేస్తారు. నూరేళ్ళ నాటి ఈ రక్షణ ఉందని మా వైపు ఎన్ని సైనికుల ఇళ్ళకు తెలుసు? ఎంతమంది విలేజ్ రెవెన్యూ ఆఫీసర్లకు తెలుసు? విగ్రహానికి అయ్యే ఖర్చులో పదో వంతుతో ఈ సంగతి ప్రతి సచివాలయం గోడమీదా అచ్చేసి అతికించవచ్చు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా విడిపోయింది. రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. రెండు కలెక్టరేట్లలోనూ సైనికుల ఇళ్ళ పనులకు ఒక్కొక్క అధికారి పేరు, ఫోను నంబరు అందరికీ తెలిసేలా ఉంటే, ట్రంకు పెట్టె పక్కన నిలబడ్డ ఆ తండ్రి సగం దిగులు తీరుతుంది.

2025 మేలో గ్రామ పంచాయతీల్లో సైనికుల ఇళ్ళకు పన్ను మినహాయించారు. అంతకుముందు రిటైరైనవాళ్ళకూ సరిహద్దులో ఉన్నవాళ్ళకూ మాత్రమే ఉండేది, ఇప్పుడు సర్వీసులో ఎక్కడ ఉన్నా వర్తిస్తుంది. డబ్బు చిన్నదే. కానీ ఏటా ఆ పన్ను నోటీసు రానప్పుడల్లా, మీ అబ్బాయి ఎక్కడున్నాడో మాకు గుర్తుందని పంచాయతీ ఆ ఇంటికి చెప్పినట్టు. చావుతో పనిలేని ఇలాంటి గౌరవాలే నాకు ఎక్కువ నచ్చుతాయి.

ఇంతదాకా వచ్చాక రెండో వాదనే గెలిచినట్టు కనిపిస్తుంది. గెలవలేదు. రూలు రాసిన చోట కూడా రూలే అన్యాయం చెయ్యవచ్చు. మురళీ నాయక్ అగ్నివీర్. 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్ళ సర్వీసుకు చేరినవాళ్ళు విధుల్లో మరణిస్తే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలానికి జీతం, సేవానిధి ఇస్తారు. మొత్తం కోటి దాటుతుంది. కానీ మామూలు జవాను కుటుంబానికి జీవితాంతం అందే పెన్షను వీళ్ళకు లేదు. పక్కపక్క కందకాల్లో, ఒకే షెల్లుకు పోయిన ఇద్దరిలో ఒకరి తల్లికి పెన్షను ఉంటుంది, ఇంకొకరి తల్లికి ఉండదు. కేంద్రానికి తన కారణాలున్నాయి. సైన్యం సగటు వయసు తగ్గాలి, పెన్షన్ల భారం పెరిగిపోతోంది, నాలుగేళ్ళకే వెళ్ళేవాళ్ళ విషయంలో లెక్క వేరుగా ఉండాలి. బతికి బయటికొచ్చేవాళ్ళ విషయంలో ఆ లెక్కను వినవచ్చు. చనిపోయినవాడి విషయంలో నాకది మింగుడుపడదు, ఎందుకంటే వాడి సర్వీసు నాలుగేళ్ళకు ముగియలేదు, ప్రాణంతో ముగిసింది. కేంద్రం రాసిన రూలు వదిలేసిన ఆ ఖాళీని పొలం, ఉద్యోగం రూపంలో పూడ్చింది రాష్ట్ర ప్రకటనే. ఊరు కదలకపోతే, కెమెరాలు రాకపోతే అదీ ఉండేది కాదేమో. కదిలిన జనం విలువ అది.

కాబట్టి నేను నిలబడేది ఇక్కడ. రెండు తెలుగు రాష్ట్రాలూ అసెంబ్లీలో చట్టంగానో, కనీసం జీవోగానో ఒక పట్టిక రాయాలి. ర్యాంకు ఏదైనా, అగ్నివీరైనా, పర్మనెంటైనా, గుండు తగిలి పోయినా, మంచు కింద పోయినా, ఇంత డబ్బు, ఇంత భూమి, ఒక ఉద్యోగం అని అందులో ఉండాలి. ఎవరూ ప్రకటించకపోయినా అది అందాలి. దానిపైన ఊరు, నాయకులు, దాతలు ఎంత చేసినా వాళ్ళ ప్రేమ, దానికి హద్దు పెట్టక్కర్లేదు. 1917లో బ్రిటిష్ సామ్రాజ్యం యుద్ధ సమాధుల కమిషన్ పెట్టినప్పుడు జనరల్‌కైనా సిపాయికైనా ఒకటే కొలత రాయి అనే నియమం పెట్టుకుంది. గొప్ప నియమం. కానీ ఇరాక్‌లోని బస్రా స్మారకంలో భారతీయ సిపాయిలకు పేర్లే చెక్కలేదు, అంకెలతో సరిపెట్టారు. ఆ కమిషనే 2021లో తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం మనకు ఆ లోటు తీర్చింది. స్వాతంత్ర్యం వచ్చాక అమరులైనవాళ్ళ పేర్లన్నీ, ఆరంభంలోనే 25,942, గ్రానైట్ మీద ఒకే తీరులో ఉన్నాయి. రణరంగ చౌక్‌లో ఏడుగురికి తెనాలి ఇచ్చిన సమానత కూడా అదే. మన జిల్లాల్లో కట్టబోయే ఏ స్మారకమైనా ఒక్కడి విగ్రహంగా కాకుండా, ఆ జిల్లా అమరులందరి పేర్లూ ఒక్కచోట ఉండేలా కడితే బాగుంటుంది.

కెమెరాల మాట కూడా ఒకటి చెప్పాలి. అమెరికాలో సైనికుల శవపేటికలు దిగే డోవర్ వైమానిక స్థావరంలో 1991 నుంచి ఫొటోలు నిషేధించారు. 2009లో ఆ నిషేధం తీసేసినప్పుడు నిర్ణయాన్ని కుటుంబం చేతిలో పెట్టారు. వాళ్ళు సరేనంటేనే కెమెరా. మన దగ్గర గుండెలు బాదుకునే తల్లి ముఖానికి మైకు అడ్డం పెట్టేముందు ఆ ఇంటి పెద్దను ఒక మాట అడగడం కష్టమేమీ కాదు. ఊరేగింపు కావాలనుకునే కుటుంబాలే ఎక్కువ, నిజమే. ఒద్దనుకునే ఆ ఒక్క ఇంటికోసమైనా అడగాలి.

పట్టిక రాసేవాళ్ళు అన్నిటికన్నా ముందు తేల్చవలసింది ఇంకొకటి ఉంది. డబ్బు ఎవరికి? భార్యకా, తల్లిదండ్రులకా? పెళ్ళయిన కొద్ది నెలలకే భర్తను పోగొట్టుకున్న ఇరవై రెండేళ్ళ పిల్లకు ముందు ఎంతో బతుకుంది. చదివించి పంపిన ముసలివాళ్ళకు వేరే ఆసరా లేదు. ఈ పేచీతో ఎన్ని ఇళ్ళు రెండుగా చీలాయో సైనిక సంక్షేమ ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళు చెబుతారు. సంతోష్ బాబు విషయంలో తెలంగాణ ప్రభుత్వం 4 కోట్లు భార్యాపిల్లలకు, కోటి తల్లిదండ్రులకు విడివిడిగా ఇచ్చింది. అలా పంచడం నాకు న్యాయంగా తోచింది. నిష్పత్తి ఎంతన్నది మాట్లాడుకోవచ్చు, ఇద్దరికీ వాటా ఉండాలన్నది మాత్రం ముందే రాసిపెట్టాలి. సెలవుకు వచ్చిన కొడుకు దగ్గర, 'నీకేమన్నా అయితే' అని ఏ తండ్రీ మొదలుపెట్టలేడు, ఏ కోడలూ అడగలేదు. ఇంటివాళ్ళ నోట రాలేని ఆ మాటను జీవో రాసే అధికారే వాళ్ళ తరఫున రాయాలి.